రోగి పడక దగ్గర మన ప్రార్థన



మన ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మనవి తరచూ వస్తుంటుంది: "నాన్నగారిని హాస్పిటల్లో అడ్మిట్ చేశారు, దయచేసి ప్రార్థన చేయండి." నిమిషాల్లో ఆమెన్‌లు నిండిపోతాయి. సాయంత్రానికి ఎవరో ఒకరు అన్నం, చారు డబ్బాల్లో సర్ది ఆ ఇంటికి చేరుస్తారు. ఆదివారం పాస్టరుగారు పేరు చెప్పి ప్రార్థిస్తారు. పరాయి దేశంలో బంధువులు దగ్గర లేని మనకు ఇది ఎంత పెద్ద ఆదరణో అనుభవించిన వాళ్లకే తెలుసు.

అయితే ఆ గదిలో పడుకున్న మనిషి దేవుని గురించి ఏమనుకుంటున్నాడో మనం అడిగేది చాలా తక్కువ. "దేవుడు నన్ను మరచిపోయాడా?" అనే ప్రశ్న మనసులో తిరుగుతున్నా, చూడటానికి వచ్చిన వారి ముందు "ప్రభువు కృప, బాగున్నాను" అనే జవాబే వస్తుంది. ఈ నెల పాఠం ఆ లోపలి ప్రశ్న గురించి. దాన్ని మోయడానికి మనం తోడవుతున్నామా, ఇంకా బరువు పెడుతున్నామా అని పరీక్షించుకుందాం.

చదవవలసిన వాక్యభాగాలు: యోబు 2:11-13, 42:7, కీర్తన 13, 88, మార్కు 10:46-52, ఫిలిప్పీయులకు 2:25-30, యాకోబు 5:13-16.

1. ప్రార్థనను కొలవగలమా?

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ఏ మార్పు చేసినా రెండు గుంపులుగా విడదీసి, ఏది బాగా పనిచేసిందో లెక్క చూడటం మాకు అలవాటు. ప్రార్థన విషయంలో కూడా వైద్య పరిశోధకులు ఇలాంటి పరీక్షలు చేశారు. వాటిలో పెద్దది, అమెరికాలోని ఆరు ఆసుపత్రుల్లో జరిగినది, 2006లో ప్రచురితమైంది. హార్వర్డ్‌కు చెందిన డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ దానికి నాయకత్వం వహించారు. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపుల వారికి, మీ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని చెప్పారు. వారిలో ఒక గుంపు కోసం ప్రార్థన జరిగింది, రెండో గుంపు కోసం జరగలేదు. మూడో గుంపు వారికి, మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తారు అని చెప్పి, అలాగే ప్రార్థించారు.

ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవారు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 51 శాతం. అంటే తేడా లేనట్టే. ప్రార్థన జరుగుతోందని కచ్చితంగా తెలిసిన మూడో గుంపులో 59 శాతం.

ఈ ఫలితం విన్నప్పుడు కొందరికి విశ్వాసం కదులుతుంది, కొందరికి కోపం వస్తుంది. రెండూ అవసరం లేదు. ఆ పరీక్షలో ప్రార్థించినవారు రోగిని ఎన్నడూ చూడనివారు. వారి చేతికి వచ్చినది రోగి పేరు, ఇంటిపేరులోని మొదటి అక్షరం మాత్రమే. ఇంట్లోవారు, సంఘంవారు చేసే ప్రార్థనను ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. కాబట్టి అసలు ఎవరూ ప్రార్థించని గుంపు అంటూ ఆ పరీక్షలో లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి: మీట నొక్కితే వెలిగే దీపంలా ప్రార్థన పనిచేస్తుందని బైబిలు ఎక్కడా చెప్పలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీయులకు 12). తన తోటి పనివాడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతికి 4:20). పౌలుకు విశ్వాసం తక్కువైందని మనలో ఎవరైనా అంటారా?

ప్రార్థన తండ్రితో బిడ్డ మాట్లాడే మాట. ఫలితాల పట్టికలో అది ఇమడకపోతే ప్రార్థన మానుకోనక్కరలేదు. ఆ పట్టిక మీద మన విశ్వాసాన్ని ఆనించకపోతే చాలు.

2. లోపలి పోరాటం

మరో రకం అధ్యయనం మనకు ఇంకా దగ్గరగా తగులుతుంది. కెన్నెత్ పార్గమెంట్, హెరాల్డ్ కోనిగ్, వారి సహచరులు దీనిని 2001లో ప్రచురించారు. నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ ఆసుపత్రిలోనూ, డర్హమ్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలోనూ చేరిన 55 ఏళ్లు, అంతకు పైబడిన 596 మందిని ప్రశ్నలడిగి, రెండేళ్ల తర్వాత వారి స్థితి చూశారు.

దేవుడు నన్ను విడిచిపెట్టేశాడేమో అని తలపోసిన వారిలో మరణించే అవకాశం 28 శాతం ఎక్కువగా కనబడింది. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడా అని అనుమానపడిన వారిలో 22 శాతం, ఈ జబ్బు సాతాను పని అని తేల్చుకున్న వారిలో 19 శాతం ఎక్కువ. జబ్బు తీవ్రతను, మానసిక స్థితిని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఈ సంబంధం నిలిచింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఈ లెక్క రెండు విషయాలు కలిసి కనబడ్డాయని చెబుతుంది గాని, ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయదు. రెండవది ఇంకా ముఖ్యం: ఈ అంకెను పట్టుకెళ్లి రోగితో "సందేహించవద్దు, సందేహిస్తే మీకే నష్టం" అనకండి. గాయపడినవాణ్ణి మళ్లీ కొట్టినట్లు అవుతుంది.

అదే బృందం 2004లో మరో సంగతి చెప్పింది. మొదటిసారి అడిగినప్పుడూ, రెండేళ్ల తర్వాత అడిగినప్పుడూ అదే పోరాటంలో ఉన్నవారి జీవనస్థితి క్షీణించింది. పోరాటం వచ్చి పోయినవారిలో అలా కనబడలేదు. అంటే సందేహం రావడం కన్నా, అందులోనే చిక్కుకుపోవడం బరువైన విషయం. మరి చిక్కుకోకుండా బయటికి రావడానికి మన సంఘం ఏం చేయగలదు? దీనికి వాక్యంలోనే దారి ఉంది.

3. యోబు స్నేహితులు ఏడు రోజులు బాగానే ఉన్నారు

యోబు ముగ్గురు స్నేహితులను మనం చెడ్డవారిగానే గుర్తుపెట్టుకుంటాం. కాని వారు మొదట చేసిన పని చూడండి. కబురు విని తమ తమ ఊళ్ల నుంచి బయలుదేరారు. అతన్ని చూసి ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు. అతని బాధ ఎంత గొప్పదో చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వారి పరిచర్యలో మంచి భాగం అదే.

ఆ తర్వాత నోరు తెరిచారు. నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో, బాగుపడతావు అని రకరకాలుగా చెప్పారు. చివరికి దేవుడే వారి మీద కోపించి, వారు తన గురించి సరిగా మాట్లాడలేదని అన్నాడు (42:7). దేవుని పక్షాన వాదిస్తున్నామనుకున్నవారినే దేవుడు గద్దించాడు. దేవునితో ముఖాముఖి వాదించి, ఏడ్చి, నిలదీసిన యోబును తన సేవకుడని పిలిచాడు.

ఆసుపత్రి గదిలో మనం అనే కొన్ని మాటలు ఆ స్నేహితుల మాటలకు దగ్గరగా ఉంటాయి. "ఇంట్లో కుటుంబ ప్రార్థన తగ్గిందా?" "దేవుడు ఏదో నేర్పిస్తున్నాడు." "ఫలానా ఆంటీకి ఇదే క్యాన్సర్, విశ్వసించింది, పూర్తిగా పోయింది." చివరి మాట సాక్ష్యంలా వినబడుతుంది. కాని జ్వరంతో ఒంటరిగా పడుకున్న మనిషికి అది, నీకు విశ్వాసం చాలలేదు కాబట్టే నీ జబ్బు పోలేదు అని వినబడుతుంది. పుట్టు గుడ్డివాని గురించి, పాపం చేసింది ఎవరని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ ప్రశ్ననే తోసివేశాడు (యోహాను 9:3). మనం దాన్ని మళ్లీ గదిలోకి తేనక్కరలేదు.

దానికి బదులు రోగికి కీర్తనలు ఇవ్వండి. 23వ కీర్తన ఒక్కటే సరిపోదు. ఎంతకాలం మరచిపోతావని దేవుణ్ణి అడిగే 13వ కీర్తన, వెలుగు కనబడకుండానే ముగిసే 88వ కీర్తన కూడా చదవండి. ఇవి పరిశుద్ధ గ్రంథంలో ఉన్నాయంటే, అలాంటి ప్రార్థనను దేవుడు విన్నాడనే అర్థం. సిలువ మీద ప్రభువు కూడా విడువబడినవాని మొరనే పెట్టాడు. "నాకూ అలాగే ఉంది" అని రోగి అన్నప్పుడు సరిదిద్దకండి. "ఆ మాట దేవునితోనే చెబుదాం" అని పక్కన కూర్చోండి.

4. ముందు అడగండి

బర్తిమయి గుడ్డివాడని అందరికీ తెలుసు. అయినా యేసు అతన్ని, నేను నీకేమి చేయాలని కోరుతున్నావు అని అడిగాడు. యాకోబు పత్రికలోనూ క్రమం గమనించండి: పెద్దలను పిలిపించవలసినది రోగి. పిలవకుండా పదిమంది వెళ్లి గది నింపమని అక్కడ లేదు.

అమెరికాలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్‌స్కీ 1996లో వైద్యుల కోసం ఒక చిన్న ప్రశ్నల పద్ధతి తయారుచేశారు. అందులోని నాలుగు అంశాలను మన మాటల్లో ఇలా అడగవచ్చు. మీకు బలాన్నిచ్చే విశ్వాసం ఏమిటి? ఈ జబ్బు సమయంలో అది మీకు ఎలా తోడవుతోంది? మీతో నిలబడే సంఘం, మనుషులు ఎవరు? ఈ విషయంలో మేము మీకు ఏం చేయాలి? ఫారం నింపినట్లు వరుసగా అడగనక్కరలేదు. "అత్తయ్యా, రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఏం తలుచుకుంటున్నారు?" అని ఒక్కటి అడిగి ఆగినా చాలు. జవాబు రావడానికి సమయం పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని ప్రార్థనతో వెంటనే నింపేయకండి.

ప్రార్థన మనవి పంపేటప్పుడు కూడా అడగాలి. ఎపఫ్రొదితు చావుకు దగ్గరైనంత జబ్బుపడ్డాడు. తాను రోగినని ఫిలిప్పీలోని తనవారికి తెలిసిందని ఇంకా దిగులుపడ్డాడు. దూరదేశంలో ఉన్న మనకు ఈ వచనం బాగా అర్థమవుతుంది. ఇక్కడ గ్రూపులో పెట్టిన రిపోర్టు గంటలో గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లికి చేరుతుంది. "పేరు చెప్పమంటారా? జబ్బు ఏమిటో చెప్పమంటారా? ఎవరికి తెలియకూడదు?" అని అడిగిన తర్వాతే మనవి పంపండి.

5. ఆసుపత్రిలో ఉన్న సహాయాన్ని వాడుకోండి

అమెరికాలోని చాలా ఆసుపత్రుల్లో చాప్లిన్ ఉంటారు. ఈ శిక్షణ విధానానికి 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ ఆసుపత్రిలో పునాది వేసిన ఆంటన్ బోయిసెన్, అంతకు ముందు తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉన్న పాస్టరు. పడక మీద పడుకుని చూసినవాడే ఈ పరిచర్య అవసరాన్ని గుర్తించాడు. ఇప్పుడు బోర్డు సర్టిఫికెట్ పొందే చాప్లిన్ 1600 గంటల శిక్షణ పూర్తి చేయాలి. చాప్లిన్ మన సంఘం వారు కాకపోవచ్చు, మన సిద్ధాంతం వారు కాకపోవచ్చు. మతం మార్పించడం వారి పని కాదు. మన పాస్టరుగారికి బదులుగా కూడా వారు రారు. రాత్రి రెండు గంటలకు ఐసీయూ బయట ఒంటరిగా నిలబడిన కొడుకు దగ్గరికి మనం చేరేలోపు వారు చేరగలరు. నర్సును అడిగితే పిలిపిస్తారు.

భాష సంగతి కూడా తెలుసుకోవాలి. ప్రభుత్వ నిధులు పొందే అమెరికన్ ఆసుపత్రులు, ఇంగ్లీషు సరిగా రాని రోగికి శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఫోనులోనో వీడియోలోనో అయినా తెలుగు కావాలని అడగండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది ఎంతో అవసరం. కొడుకో కోడలో అనువదిస్తే, డాక్టరు చెప్పిన పది మాటలు "ఏమీ లేదమ్మా, తగ్గిపోతుంది" అనే రెండు మాటలవుతాయి. ప్రేమతోనే అలా చేస్తాం. కాని తన శరీరంలో ఏం జరుగుతోందో తెలియని తల్లి దేవునితో దేని గురించి మాట్లాడుతుంది?

వైద్యానికీ ప్రార్థనకూ పోటీ పెట్టకండి. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా పుండు మీద అంజూరపు ముద్ద వేశారు (యెషయా 38). మన తెలుగు సంఘాలకు ఇది కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ వైద్యాన్నీ సువార్తనూ కలిపే పనిచేశారు. 1898లో అక్కడ తెరచిన ఆసుపత్రి ఆమె పేరుతోనే నిలిచింది.

6. స్వస్థత కనబడనప్పుడు

ఇది కష్టమైన భాగం. 2013లో అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 343 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. తమ సంఘం నుంచి ఆత్మీయ ఆదరణ బాగా అందిందన్నవారు చివరి రోజుల్లో హాస్పిస్ సేవలు తక్కువగా పొందారు, ఐసీయూలో కన్నుమూయడం వారిలో ఎక్కువగా ఉంది. అదే వైద్య బృందం కూడా ఆత్మీయ అవసరాలను పట్టించుకున్న చోట హాస్పిస్ వాడుక పెరిగింది.

కారణాలు అనేకం ఉండవచ్చు. కాని మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. స్వస్థత తప్ప మరో మాట మన నోట రాకపోతే, "నేను ప్రభువు దగ్గరికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాను, నొప్పి తగ్గిస్తే చాలు" అని చెప్పాలనుకునే రోగి ఎవరితో చెప్పుకోవాలి? మన ప్రార్థన గుంపును నిరాశపరచకూడదని మౌనంగా ఉండిపోతాడు. స్వస్థత కోసం ధైర్యంగా అడగండి. దానితో పాటు సమాధానం కోసం, నొప్పి నివారణ కోసం, పిల్లలతో మాట్లాడుకునే సమయం కోసం కూడా అడగండి. హాస్పిస్‌కు ఒప్పుకోవడం అవిశ్వాసం కాదు. మరణం తర్వాత పునరుత్థానం ఉందని నమ్మే మనం మరణం గురించి మాట్లాడటానికి అందరికన్నా ఎక్కువ భయపడటం తగునా?

7. వెళ్లేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

ముందు ఫోన్ చేసి, రావచ్చా అని అడగండి. ఇద్దరికి మించి ఒకేసారి లోపలికి వెళ్లకండి. మీకు దగ్గు, జ్వరం ఉంటే వెళ్లకపోవడమే ప్రేమ. లోపలికి వెళ్లేముందు, వచ్చేముందు చేతులు కడుక్కోండి.

పది పదిహేను నిమిషాలు చాలు. నిలబడి మాట్లాడకుండా కుర్చీలో కూర్చోండి. రోగి మొహం మీ మొహానికి సమానంగా ఉండాలి.

ప్రార్థన చిన్నగా, మెల్లగా చేయండి. పక్క పడకలో మరో రోగి ఉండవచ్చు. ముందే "దేని కోసం ప్రార్థించమంటారు?" అని అడిగి, వారు చెప్పిన మాటతోనే ప్రార్థించండి.

నూనెతో అభిషేకించేముందు నర్సును అడగండి. ఆక్సిజన్ పెట్టిన చోట నూనె, కొవ్వొత్తి నిప్పు ప్రమాదం తెస్తాయి.

ప్రభురాత్రి భోజనం ఇచ్చేముందు కూడా అడగండి. ఆపరేషన్‌కు ముందు కొందరికి నోటితో ఏమీ ఇవ్వకూడదు. పక్షవాతం వచ్చినవారికి రొట్టె ముక్క, గుక్కెడు రసం కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రోగి ఉపవాసం చేస్తానంటే డాక్టరుకు చెప్పమనండి, ముఖ్యంగా షుగర్ మందులు వాడేవారు.

వెంట ఉండి చూసుకునేవారిని మరవకండి. ఆమె భోంచేసిందా, రాత్రి పడుకుందా అని అడగండి. ఒక గంట మీరు కూర్చుని ఆమెను ఇంటికి పంపితే అది కూడా పరిచర్యే.

ఇంటికి వచ్చిన మూడో వారంలో మళ్లీ ఫోన్ చేయండి. అప్పటికి గ్రూపులో కొత్త మనవులు వచ్చి, పాతవారు వెనక్కి జరిగిపోతారు. దేవుడు మరచిపోయాడా అనే ప్రశ్న సాధారణంగా అప్పుడే గట్టిగా లేస్తుంది.

చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. యోబు స్నేహితులు మౌనంగా ఉన్న ఏడు రోజులకు, మాట్లాడిన తర్వాతకు ఉన్న తేడా ఏమిటి? మాట్లాడకుండా కూర్చోవడం మనకు ఎందుకు కష్టం?
2. మన ఫెలోషిప్‌లో "నాకు దేవుని మీద కోపంగా ఉంది" అని ఒకరు చెబితే, విని వారితో నిలబడే చోటు ఉందా?
3. స్వస్థత పొందినవారి సాక్ష్యాలు మనం వింటాం. స్వస్థత రాకపోయినా ప్రభువును పట్టుకున్నవారి సాక్ష్యం చివరిసారి ఎప్పుడు విన్నాం?
4. మీరు ఆసుపత్రిలో ఉంటే ఎవరు రావాలి, ఏ వాక్యం చదవాలి, మీ తరఫున నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి? ఈ సంగతులు ఇంట్లోవారితో ఈ వారమే మాట్లాడండి.

ప్రియులారా, రోగిని చూడటానికి వెళ్లినవాడు తననే చూడటానికి వచ్చాడని ప్రభువు చెప్పాడు (మత్తయి 25). బాగుచేశావా అని అక్కడ అడగలేదు, వచ్చావా అని చూశాడు. బాగుచేయడం ఆయన చేతిలో ఉంది. వెళ్లడం, అడగడం, వినడం, తోడుగా కూర్చుని ప్రార్థించడం మన చేతిలో ఉన్నాయి. ఈ వారం మన ప్రార్థన జాబితాలో ఉన్న ఒక పేరును తీసుకుని, ఆమెన్ అని రాసిన తర్వాత ఆ ఇంటికి ఫోన్ చేయండి. ప్రభువు మన సంఘాన్ని రోగుల పక్కన నమ్మకంగా కూర్చునే సంఘంగా చేయును గాక. ఆమెన్.